పచ్చ బకెట్ కోసం ఆగిన దర్వాజ

టీవీలో ఆదివారాలు వచ్చే చెక్కపని కార్యక్రమం వాళ్లు బాన్సువాడకు రావడానికి కారణం నేనే. ఈ మాట ముందుగానే చెప్పేస్తున్నాను. తర్వాత జరిగినదానికి నేను ఎవరిని తప్పుపట్టినా వాళ్లు ఇదే మాట నా మొహాన కొట్టారు: నువ్వే కదా పిలిచింది, అని.

నేను పిలవలేదు, నిలదీశాను. రెండేళ్లపాటు ఒక్క వారం తప్పకుండా ఆ కార్యక్రమం చూశాను. వారానికో వడ్రంగి, వారానికో వస్తువు. ఆ వడ్రంగి ఎప్పుడూ ఏదో పెద్ద పట్నం వాడు. చేసేది ఎప్పుడూ వంటింటి అల్మారా, లేకపోతే టీవీ పెట్టుకునే బల్ల. ప్లైవుడ్ కోయడం, గమ్ము పూయడం, పైన నిగనిగలాడే రేకు అంటించడం. మధ్యమధ్యలో గమ్ము కంపెనీ పచ్చ బకెట్. యాంకర్ ఆ బకెట్ మీద చెయ్యి వేసి మాట్లాడతాడు, దాని మీద టీ గ్లాసు పెడతాడు, ఒకసారి దాని మీదే కూర్చున్నాడు. వడ్రంగి పేరు ఒకసారి చెబితే బకెట్ పేరు ఇరవై సార్లు. నేను ఛానెల్‌కు ఉత్తరం రాశాను. ముప్పై ఏళ్లుగా టేకు దర్వాజలు చేస్తున్నవాణ్ని, మీరు చూపించేది చెక్కపని కాదు, అతికింపు పని అని రాశాను. జవాబు రాలేదు. మళ్లీ రాశాను. ఏడో ఉత్తరానికి ఫోన్ వచ్చింది.

ఉత్తరాల సంగతి వింటే అందరూ నవ్వుతారు. నేను రాసిన ప్రతి ఉత్తరానికీ నకలు నా దగ్గర ఉంది. బస్సు ఆగని స్టాపు గురించి రాసినవి, ఒరిగిన కరెంటు స్తంభం గురించి రాసినవి, అన్నీ ఒకే ఫైలులో ఉన్నాయి. నన్ను ఎవరు ఏమన్నారో, ఎక్కడ నిలబడి అన్నారో నాకు గుర్తుంటుంది. మా ఆవిడ దీన్ని జబ్బు అంటుంది. జబ్బే కావచ్చు, ఆ స్తంభం మాత్రం మారింది.

ఫోన్ చేసినవాడు డైరెక్టర్. ముప్పై ఏళ్లు లేని మనిషి, మాట మెత్తన. మీ పనే చూపిస్తాం మేస్త్రి గారూ, మీ పద్ధతిలోనే చూపిస్తాం అన్నాడు. రెండు రోజులు మా షెడ్డులో, మూడో రోజు దర్వాజ నిలబెట్టే ఇంటి దగ్గర. మాట్లాడుకోవడానికి వచ్చినప్పుడు వెంట గమ్ము కంపెనీ మనిషిని తీసుకొచ్చాడు. కార్యక్రమాన్ని నడిపించేది ఆ కంపెనీ కాబట్టి, బకెట్ సరిగ్గా కనబడుతోందో లేదో చూసుకోవడమే అతని ఉద్యోగం. అతన్ని చూడగానే గుర్తుపట్టాను.

మూడేళ్ల కింద ఆ కంపెనీవాళ్లు బాన్సువాడలో ఒక ఫంక్షన్ హాలు కిరాయికి తీసుకుని చుట్టుపక్కల వడ్రంగులందరినీ పిలిచారు. జుక్కల్ నుంచి కూడా వచ్చారు. గమ్ము గురించి గంట ఉపన్యాసం, తర్వాత బిర్యానీ, పోయేటప్పుడు చేతికి ఒక సంచి. నేను లేచి నిలబడి, కాలువ కింది పొలాల పక్కన ఉన్న ఇళ్లలో ఏడాదికి ఆరు నెలలు గోడలు చెమ్మగా ఉంటాయి, ఆ చెమ్మకు మీ గమ్ము ఎన్నేళ్లు ఆగుతుంది అని అడిగాను. మైకు పట్టుకున్నది ఇతనే.

"అన్నకు ముందుగాల బిర్యానీ పెట్టున్రి. కడుపు నిండితే సవాళ్లు తగ్గుతయి" అన్నాడు.

హాలంతా నవ్వింది. నేను తినకుండా, సంచి తీసుకోకుండా వచ్చేశాను. ఆ రోజు అతను వేసుకున్నది నీలం గళ్ల చొక్కా.

అందుకే ఈసారి కాగితం అడిగాను. నాలుగు పేజీలు పంపారు. రెండు రోజులు కూర్చుని చదివాను. మా వైపు దర్వాజ అంటే తలుపు రెక్కలు కాదు, వాటిని మోసే చట్రం. కింద గడప, రెండు పక్కలా నిలువు కర్రలు, పైన అడ్డకర్ర. ఒక కర్రకు నాలుక చెక్కి, రెండో కర్రలో దానికి సరిపడే రంధ్రం తొలిచి, దూర్చి, అడ్డంగా చెక్క చీల కొడతాం. గమ్ము లేదు, ఇనుము లేదు. చెమ్మకు కర్ర ఉబ్బితే బిగుసుకుంటుంది, ఎండకు తగ్గితే చీల పట్టుకుంటుంది. కాబట్టి ఆ కాగితంలో ఒక వాక్యం కొట్టేసి నా చేత్తో ఇంకో వాక్యం రాశాను: బకెట్ పని పక్కన ఉండవచ్చు, పనిలో ఉండకూడదు. కంపెనీ మనిషి చదివి, దానికేముందన్నా అని సంతకం పెట్టాడు. నేను గెలిచాననుకున్నాను. ఆ కిందనే ఇంకో వాక్యం ఉంది, ముఖ్యమైన ప్రతి ఘట్టంలోనూ ఉత్పత్తి కనిపించాలి అని. దాన్నీ చదివాను. పక్కన ఒక బకెట్ ఉంటే నాకేం పోతుంది అనుకుని వదిలేశాను.

షెడ్డులో రెండు రోజులు నల్ల టేపుతోనే సరిపోయింది. వాళ్ల కంపెనీ పేరు తప్ప ఇంకే పేరూ కెమెరాలో పడకూడదట. నా డ్రిల్లు మీది పేరుకు టేపు. ఫ్యాను మీది పేరుకు టేపు. రైస్ మిల్లువాళ్లు ఇచ్చిన క్యాలెండరును గోడవైపు తిప్పారు. చివరికి బయట ఉన్న నా బోర్డు దగ్గరికి వచ్చారు. మా బజారులో అందరి బోర్డుల్లాగే అదీ ఒక ప్లైవుడ్ కంపెనీ రాయించి ఇచ్చింది. పైసగం వాళ్ల పేరు, కిందిసగం నా పేరు. దాని మీద దుప్పటి కప్పారు. నా పేరైనా కనబడేట్టు సగం కప్పండి అన్నాను. సగం కప్పితే చూడ్డానికి బాగుండదు మేస్త్రి గారూ అన్నాడు డైరెక్టర్. చెక్కను నునుపు చేసే రంద పడుతుంటే పొట్టు బకెట్ మీద పడుతోందని నన్ను అటు తిరిగి రంద పట్టమన్నారు. ఎడమచేతివాటంగా పని చేసినట్టుంది ఆ దృశ్యం, ఇప్పుడు చూసినా నాకు ఒళ్లు మండుతుంది.

అయినా ఊరుకున్నాను. నాకు ఆ కార్యక్రమంలో కనబడాలని ఉంది. ఈ మాట అప్పుడు ఎవరికీ చెప్పలేదు. పొట్టు లేచే చప్పుడు, ఉలి దిగే తీరు, చీల కొట్టాక రెండు కర్రలు కలిసే కీలు మూసుకోవడం, ఇవన్నీ ఒక్కసారి జనం చూడాలని ఉంది. మా బజారులో నన్ను పంచాయితీ మనిషి, అంటే తగాదాలకోరు అంటారు, పనిమంతుడు అనడం మానేశారు. అది పోవాలని ఉంది.

ఇక దర్వాజ ఎవరిదో చెప్పాలి. బిచ్కుంద పోయే తోవలో ఉన్న ఒక తండాలో, నలభై దాటిన ఒక ఇల్లాలిది. ఆమె నాట్లకు పోతుంది, కోతలకు పోతుంది, చెరుకు కొట్టడానికి మొగుడితో కలిసి మహారాష్ట్ర దాకా పోతుంది. ఇంట్లో వాళ్ల భాష, నాతో తెలుగు. ఈ ఇంటికి ముందు వాళ్లకు ఇంకో ఇల్లు ఉండేది. దానికి దర్వాజ నిలబెట్టిన రోజు వడ్రంగి ఆలస్యంగా వచ్చాడు, ముహూర్తం దాటాక లేపాడు. ఆ వానకాలమే వెనక గోడ కూలింది, కట్టేసిన బర్రె దాని కింద పడి చచ్చింది. మట్టిగోడ కూలడానికి ముహూర్తమే కారణమా అంటే నేను చెప్పలేను. ఆమెకు మాత్రం అనుమానం లేదు. దర్వాజ పని ఒప్పుకున్నాక మా షెడ్డుకు మూడుసార్లు వచ్చింది. మూడుసార్లూ టేకు ఎట్లా ఉందని అడగలేదు, చెక్కుడు ఎట్లా ఉందని అడగలేదు.

"కట్టె నీ ఇష్టం అన్నా. టైం ఒక్కటి తప్పొద్దు. ఒకపారి తప్పితే ఏమైందో నేను చూసిన" అన్నది.

నా చేతుల మీద తప్పదమ్మా అని చెప్పాను. టీవీవాళ్లు వస్తారని అడిగితే, రానీ అన్నా, నలుగురు చూస్తే మంచిదే కదా అని నవ్వింది.

పంతులు చీటీ రాసిచ్చాడు. ఆ రోజు ఆయనకు ఇంకా మూడు చోట్ల పని ఉండటంతో రాలేనన్నాడు. ఎనిమిదీ యాభై నుంచి తొమ్మిదీ ఇరవై లోపల దర్వాజ లేవాలి. ఆ తర్వాత మంచి గడియ లేదు, ఆ రోజు దాటితే మూఢం, రెండు నెలల దాకా ముహూర్తాలే లేవు. ఆమె ఆ చీటీని కొంగుకు ముడివేసుకుంది.

వరికోతల రోజులు. తెల్లవారగానే మేం దర్వాజను ట్రాలీలో వేసుకుని తండాకు పోయేసరికి రోడ్డు సగం వడ్లు ఆరబోసి ఉంది. గోడలు నడుం ఎత్తుకు లేచి ఉన్నాయి. వాకిలి ఉండాల్సిన చోట గుంత తీసి, నవధాన్యాలు పోసి, ఆమె ముగ్గు వేసి పెట్టింది. గడపకు పసుపు రాసి బొట్లు పెట్టింది. దర్వాజను నేల మీద పడుకోబెట్టి, మామిడాకులు కట్టాను. తడి టేకు కాదు, ఆరిన టేకు, అయినా లేపడానికి ఆరుగురు కావాలి. ఆమె మొగుడు, ఆయన అన్నదమ్ములు, పక్కింటివాళ్లు కలిపి ఏడుగురు ఉన్నారు. ఎనిమిదింటికి టీవీవాళ్ల రెండు కార్లు వచ్చాయి. కంపెనీ మనిషి దిగగానే ఆ ఏడుగురికీ పచ్చ టీషర్టులు పంచాడు. వీపు మీద బకెట్ బొమ్మ. లుంగీల మీద, పంచెల మీద కొత్త టీషర్టులు తొడుక్కుని వాళ్లు ఒక వరుసలో నిలబడ్డారు. తాను పిలిచినప్పుడే రావాలి, అప్పటిదాకా కెమెరాలో పడొద్దు అని డైరెక్టర్ వాళ్లకు చెప్పాడు.

ఎనిమిదీ నలభై ఐదుకు నేను సిద్ధం. నిలువు సరిచూసే గుండు దారం చేతిలో పట్టుకుని నిలబడ్డాను. అప్పుడు కంపెనీ మనిషి కారులోంచి బకెట్ దింపి, ముగ్గు పక్కన పెట్టి, ఒకసారి చూసి, ఫోన్ తీసి దూరం పోయాడు. ఫోన్‌లో అతని గొంతు పెరుగుతూ వచ్చింది. సంగతి ఏమిటంటే, కంపెనీ ఆ నెలలోనే బకెట్ మీది బొమ్మ మార్చింది. షెడ్డులో రెండు రోజులు పెట్టింది కొత్త బకెట్, దాన్ని షెడ్డులోనే మరిచిపోయారు. కారులో ఉన్నది పాత బొమ్మది. పాత బొమ్మ టీవీలో పడితే అతని ఉద్యోగం పోతుందట. బాన్సువాడలో డీలర్ దగ్గర్నుంచి కొత్తది బైక్ మీద పంపమన్నాడు. పది నిమిషాలు, ఎంత, పది నిమిషాల్లో వస్తుంది అన్నాడు.

డైరెక్టర్ నా దగ్గరికి వచ్చి భుజం మీద చెయ్యి వేశాడు. ఈ ఎపిసోడ్ పండక్కి వేస్తున్నాం మేస్త్రి గారూ, మొదలే మీ మొహం మీద తెరుస్తున్నాం, దర్వాజ లేచేటప్పుడు సంగీతం కూడా వేరే చేయిస్తున్నాం అన్నాడు. ముప్పై నిమిషాలు ఉంది కదా, పదే కదా పోయేది అన్నాడు. నేను సరే అన్నాను.

యాంకర్ కారులోంచి దిగలేదు. బకెట్ వచ్చాక దిగుతాడట.

ఎనిమిదీ యాభై ఐదు. తొమ్మిది. ఆమె ముగ్గు దగ్గర నిలబడి ఒకసారి నన్ను, ఒకసారి టీషర్టుల వరుసను చూస్తోంది. తొమ్మిదీ నాలుగుకు నా దగ్గరికి వచ్చింది.

"టైం ఎంతైందన్నా?"

చెప్పాను.

"మరి ఎవరికోసం ఆగినం?"

బకెట్ కోసం అని నోటితో చెప్పలేకపోయాను. ఇంకా టైం ఉందమ్మా, ఫికర్ చేయకు అన్నాను. ఆమె కొంగు ముడి విప్పి చీటీ తీసి చూసింది. ఆమెకు చదవడం రాదు. అంకెలు మాత్రం గుర్తుపడుతుంది. మళ్లీ ముడివేసుకుంది. వెనక్కి పోలేదు. నా పక్కనే నిలబడింది, ఆమె ఊపిరి నాకు వినబడుతోంది.

తొమ్మిదీ ఎనిమిదికి ఫోన్ మోగింది. బకెట్ బయల్దేరింది, కానీ వడ్ల కొనుగోలు కేంద్రం ముందు ట్రాక్టర్లు బారులు తీరి ఉన్నాయి, ఒక పక్క లారీ, ఒక పక్క ఆరబోసిన వడ్లు. బైక్‌వాడు వడ్ల మీదినుంచి తోలబోతే రైతులు బండి తాళం గుంజుకున్నారు. కంపెనీ మనిషి ఫోన్‌లో ఆ రైతులతోనే మాట్లాడుతున్నాడు. జర పోనియ్యన్రి అన్నా, టీవీ పని అంటున్నాడు. అవతలివాళ్లు ఏమన్నారో గానీ ఫోన్ చెవికి దూరంగా పెట్టుకున్నాడు.

డైరెక్టర్ మళ్లీ వచ్చాడు. ముహూర్తం అంటే పది నిమిషాలు అటూ ఇటూ ఉండదా మేస్త్రి గారూ, పంతుళ్లు చూసే పంచాంగాలు కూడా ఒకదానికి ఒకటి కలవవు కదా అన్నాడు. నవ్వుతూనే అన్నాడు. నేను గడియారం చూసుకున్నాను. తొమ్మిదీ పన్నెండు. దర్వాజ లేపడానికి, నిట్టనిలువుగా సరిచూసి ఊతకర్రలు కొట్టడానికి నాకు ఐదు నిమిషాలు కావాలి. ఇంకా ఆగుదామా అని నాలో ఎవరో అడుగుతున్నారు. నిజం చెప్పాలంటే ఇంకో నిమిషం ఆగాను కూడా.

తొమ్మిదీ పదమూడుకు గుండు దారం మెడలో వేసుకుని, వంగి, పై అడ్డకర్ర కింద రెండు చేతులూ పెట్టాను. రండి, లేపుదాం అన్నాను.

ఏడుగురూ కదలలేదు. వాళ్ల తప్పు లేదు. సార్ పిలిస్తేనే రావాలని వాళ్లకు చెప్పారు, వాళ్లు సార్ వైపు చూస్తున్నారు.

"ఆగు అన్నా. బకెట్ లేకుంట లేపితే మూడు దినాల షూటింగ్ గంగల గలిసినట్టే. ఎవలకు చెప్పుకోవాలె నేను?" అన్నాడు కంపెనీ మనిషి.

నేను ఒక్కణ్నే ఎత్తబోయాను. అడ్డకర్ర మోకాలి దాకా లేచి ఆగింది. ఆమె వచ్చి నా పక్కన చేతులు పెట్టింది. ఇద్దరం కలిసి ఇంకో జానెడు లేపాం. నా నడుంలో నరం పట్టేసింది. అప్పుడు ఆమె తల తిప్పకుండానే వాళ్ల భాషలో మొగుడితో ఒక్క మాట అంది. ఏమందో నాకు తెలియదు, ఇప్పటికీ ఎవరూ చెప్పలేదు. ఆయన ఒంటిమీది టీషర్టు విప్పి, మడిచి, ఇసుక కుప్ప మీద పెట్టి వచ్చాడు. ఆయన వెనక ఆయన తమ్ముడు. తర్వాత మిగిలినవాళ్లు. కొందరు టీషర్టుతోనే వచ్చారు, విప్పే సమయం ఎక్కడిది.

దర్వాజ లేచింది. గడప నవధాన్యాల మీద కూర్చున్నప్పుడు చిన్న చప్పుడు వస్తుంది, గింజలు నలిగే చప్పుడు. అది విన్నాను. ఎడమవైపు గుండు వేశాను, సరిగ్గా ఉంది. కుడివైపు వేశాను, పైన అరవేలు ముందుకు ఉంది. కొంచెం లోపలికి అన్నాను. లోపలికి తెచ్చారు. ఊతకర్రలు కొట్టాం. ఆమె కొబ్బరికాయ కొట్టినప్పుడు తొమ్మిదీ పద్దెనిమిది. కెమెరామన్ అలవాటుకొద్దీ కెమెరా ఎత్తబోయాడు, డైరెక్టర్ చేత్తో దించాడు. అందుకే ఆ దృశ్యం ఎక్కడా లేదు.

తొమ్మిదీ ముప్పైకి బకెట్ వచ్చింది. బైక్‌వాడి ఒంటినిండా వడ్ల దుమ్ము.

యాంకర్ కారు దిగాడు. డైరెక్టర్, ముహూర్తం అయిపోయింది కదా, ఇప్పుడు హాయిగా ఇంకోసారి లేపుదాం అన్నాడు. దించి మళ్లీ లేపడమా అన్నాను. అవును, ఒకే ఒక్కసారి, కెమెరా కోసం అన్నాడు. నవధాన్యాల మీద నిలబెట్టిన దర్వాజను దించరు, దింపేది ఇల్లు పాడుపడ్డప్పుడే అని చెప్పాను. అతనికి అర్థమైంది. వాదించలేదు. తెలివైనవాడు.

"దించొద్దు మేస్త్రి గారూ. ఊతకర్రలు రెండు తీసి, వెనక్కి ఒక జానెడు వంచండి చాలు. మీరు నెట్టి నిలబెడుతున్నట్టు తీస్తాం. గడప కదలదు. కింద మీ గింజలు ఎక్కడివి అక్కడే ఉంటాయి. రెండు నిమిషాలు. మీరు లేకుండా ఈ ఎపిసోడ్ లేదు" అన్నాడు.

నేను ఆలోచించాను. గడప కదలదు, నిజమే. జానెడు వంచితే దించినట్టు కాదు. ముహూర్తానికి లేవాల్సింది లేచింది. మూడు రోజుల పని, ఏడు ఉత్తరాలు, రెండేళ్లు. నా నోటితో నేనే ఆమెతో అన్నాను, జానెడు వంచితే దించినట్టు కాదమ్మా అని.

ఆమె నా మొహంలోకి చూసింది. నడిచి వచ్చి, పసుపు పూసి బొట్లు పెట్టిన ఆ కొత్త గడప మీద కూర్చుంది.

గడప మీద ఎవరూ కూర్చోరు. చిన్న పిల్లలు కూర్చున్నా లేపుతాం. కొత్త గడప, కుంకుమ ఆరని గడప. అక్కడున్న ఆడవాళ్లు నోటికి చెంగు అడ్డం పెట్టుకున్నారు. నేను కంగారుగా, లే అమ్మా, గడప మీద కూర్చోకూడదు అన్నాను.

"నువ్వు వంచుతనంటివి. నేను కూసుంటే తప్పా?" అన్నది.

గొంతు పెంచలేదు. రెండు చేతులూ చెరో నిలువు కర్రకు ఆనించింది. ఊతకర్ర తీయాలంటే ఆమె చెయ్యి తీయాలి. ఆమె మొగుడు వచ్చి ఆమె వెనక నిలబడ్డాడు. నేను డైరెక్టర్ వైపు తిరిగి, కాదు అన్నాను. ఆ మాట నేను అంతకుముందే అని ఉంటే ఆమె అక్కడ కూర్చునేది కాదు.

కార్లు ఎక్కే ముందు కంపెనీ మనిషి నా దగ్గరికి వచ్చాడు. టీషర్టులు వెనక్కి అడుగుతాడనుకున్నాను.

"నువ్వు నాకు యాదికున్నవన్నా. బిర్యానీ తినకుంట పోయినవు గదా గా రోజు. అప్పుడే అనుకున్న, గీ అన్నతోని ఎప్పుడో ఒకనాడు కష్టమే అని" అన్నాడు.

కోపంగా అనలేదు. ఆ రోజు నేను వెళ్లిపోయింది ఎవరూ చూడలేదని మూడేళ్లు అనుకున్నాను.

పండక్కి ఎపిసోడ్ వచ్చింది. మా షెడ్డులో తీసినవి ఉన్నాయి: నా చేతులు, నా రంద, అటు తిరిగి పట్టిన పొట్టు, పక్కన కొత్త బొమ్మ బకెట్. మొహం నాలుగైదు క్షణాలు. తర్వాత లేచిన దర్వాజ నాది కాదు. మరునాడు ఒక క్యాంపులో, అంటే ఆంధ్ర నుంచి వచ్చి స్థిరపడ్డవాళ్ల ఊళ్లో, ఇంకో మేస్త్రితో, ఇంకో ఇంట్లో తీశారట. నా చేతులు చీల కొడతాయి, ఆ వెంటనే ఎవరివో చేతులు కీలులో గమ్ము పోస్తాయి, దర్వాజ లేస్తుంది. చూసేవాడికి అన్నీ ఒకరి చేతుల్లాగే ఉంటాయి. బజారులో ఇద్దరు ముగ్గురు, ఏందన్నా, నువ్వు గూడ గమ్ముకు వచ్చినవా అని అడిగారు. ఒకడు మా షెడ్డు ముందు ఖాళీ బకెట్ బోర్లించి పెట్టిపోయాడు. ఎవరో నాకు తెలుసు.

ఛానెల్‌కు మూడు ఉత్తరాలు రాశాను. నా చేతులనూ వేరేవాళ్ల చేతులనూ కలిపి ఒక అబద్ధం అతికించారు, నేను రాసి మీవాళ్లు సంతకం పెట్టిన వాక్యానికి ఇది విరుద్ధం అని, కాగితం నకలు జతచేసి పంపాను. కార్యక్రమాన్ని ఆదరిస్తున్నందుకు కృతజ్ఞతలు అని జవాబు వచ్చింది. నాలుగోది రాస్తున్నాను.

వాళ్ల మీద నాకున్న ఫిర్యాదు తగ్గలేదు, తగ్గదు. కానీ ఆ ఉత్తరాల్లో తొమ్మిదీ నాలుగుకు నేను ఆమెతో అన్న మాట లేదు, జానెడు మాట లేదు. రాసేటప్పుడు ఆ చోటుకు వచ్చి ప్రతిసారీ పెన్ను ఆగుతుంది, దాటేసి కింది వాక్యానికి పోతాను.

మూఢం పోయాక తలుపు రెక్కలు బిగించడానికి తండాకు పోయాను. గోడలు పైదాకా లేచాయి, రేకులు వేశారు. ఆమె వాకిట్లో వడ్లు చెరుగుతోంది. కూర్చోమనలేదు.

"టీవీవోల్లు ఎవరూ రారు గదా?" అని అడిగింది.

రారు అన్నాను. నా సంచి వైపు, నా వెనక రోడ్డు వైపు చూసింది. అప్పుడు లేచి పక్కకు జరిగింది. చుట్టుపక్కల ఆడవాళ్లు నలుగురు చేరారు. వాళ్లకు కథంతా తెలుసు, ఆమెనే చెప్పి ఉంటుంది. నేను గుండు దారం తీసి ఎడమ నిలువుకు వేస్తుంటే, అన్నా, ఇయ్యాల జానెడు ఎటు దిక్కు వంచుతవు అని ఒకామె అడిగింది. అందరూ నవ్వారు. ఆమె నవ్వలేదు. నేను తలెత్తలేదు, గుండు ఆగేదాకా చూశాను. ఎడమ నిలువు సరిగ్గా ఉంది. కుడి నిలువు సరిగ్గా ఉంది. గోడ బరువు పడ్డాక కూడా వెంట్రుకంత తేడా రాలేదు.

కీళ్లు బిగించి, రెక్కలు ఎక్కించి, గడియ అమర్చేసరికి ఎండ నెత్తి మీదికి వచ్చింది. ఆమె లోపలికి పోయి రెక్కలు దగ్గరికి వేసి గడియ పెట్టుకుంది. లోపల చీకట్లో ఆమె చేతి గాజులు కర్రకు తగిలిన చప్పుడు వినబడింది.

"నూకు అన్నా" అన్నది లోపలినుంచి.

అరచేతులతో నెట్టాను. ఏమీ కదలలేదు.

"గంతేనా? జానెడన్న వంగుతదేమో చూస్త. జర గట్టిగ నూకు."

భుజం ఆనించి, కాళ్లు నేలకు తన్నిపెట్టి, ఒంట్లో ఉన్న బలమంతా పెట్టి నెట్టాను. దర్వాజ కదలలేదు. బయట ఆడవాళ్లు మాటలు ఆపి చూస్తున్నారు. లోపల ఆమె గడియ తీయలేదు. నేను భుజం మార్చుకుని మళ్లీ నెట్టాను.